క్లచ్ కారూ, పక్కసీట్లో నేనూ

కారు నడపడం నాకు బ్రహ్మాండంగా వచ్చని ఇరవై ఏళ్లుగా నమ్ముతూ వచ్చాను. ఇంకెవరైనా నమ్మారా అని మాత్రం ఎప్పుడూ వాకబు చేయలేదు. నంద్యాలలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అందువల్ల కారు నడపడమే కాకుండా, అది ఎందుకు నడుస్తుందో వివరించడం కూడా నాకు వచ్చు. వివరించమని అడిగినవాళ్లు తక్కువ. అడగనివాళ్లకే ఎక్కువ వివరించాను.

నా పాత కారు ఐదు గేర్ల చిన్న బండి. గేరు రాడ్డు మీది అంకెలు నా అరచేతి రాపిడికి అరిగిపోయాయి. అదేదో నాకు ప్రభుత్వం ఇచ్చిన పతకమైనట్టు బండెక్కిన ప్రతివాడికీ చూపించేవాణ్ని. నూనెపల్లె బ్రిడ్జి ఎక్కేటప్పుడు ముందు బండ్లు ఆగిపోతే అందరూ హ్యాండ్‌బ్రేకు వేసుకుంటారు. నేను వేయను. హాఫ్ క్లచ్ మీద కారును అటూ ఇటూ కదలకుండా నిలబెట్టి, పక్క కారువాడు చూస్తున్నాడా లేదా అని ఓరగా చూసేవాణ్ని. ఈ విన్యాసానికి క్లచ్ ప్లేట్లు మూడుసార్లు కాలిపోయాయి. "ఎవరప్పా ఈ బండి తోలేది?" అని మెకానిక్ అడిగిన ప్రతిసారీ, ఈ కాలంలో ప్లేట్లే నాసిరకంగా వస్తున్నాయని మాట మార్చాను.

గేర్లు మార్చే పని లేని కార్లంటే నాకు చిన్నచూపు. "అది కారు కాదప్పా, తలుపులున్న స్కూటీ" అని స్టాఫ్‌రూములో అనేవాణ్ని. ఎవరైనా నవ్వితే ఇంకోసారి అనేవాణ్ని. నవ్వకపోతే వినపడలేదేమోనని ఇంకోసారి అనేవాణ్ని.

మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. పోయిన వేసవిలో ప్రమోషన్ల లిస్టులో ఆమె పేరు వచ్చింది. ఆళ్లగడ్డ దాటాక లోపలికి ఒక పల్లెలో హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా పోవాలి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆమె ఎదురుచూసింది ఆ కుర్చీ కోసమే. ఆ సంగతి ఇంటా బయటా అందరికీ తెలుసు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులకు కొదవ లేదు. చిక్కంతా ఆళ్లగడ్డ నుంచి ఆ పల్లెకు పోవడంలోనే ఉంది. షేర్ ఆటో నిండితే గాని కదలదు, పొద్దున పూట అది తొమ్మిదిన్నరకు గాని నిండదు. బడిలో తొమ్మిదికల్లా ఫోనుకు ముఖం చూపించి హాజరు వేయాలి. హెడ్‌మిస్ట్రెస్సే ఆలస్యంగా పోతే మిగతా టీచర్లను ఏ ముఖంతో అడుగుతుంది? కాపురం ఆళ్లగడ్డకు మారుద్దామంటే నా కాలేజీ నంద్యాలలో ఉంది.

"కారు నేర్చుకుంటా. వస్తే చేరతా. రాకుంటే ప్రమోషన్ వద్దని రాసిచ్చేస్తా" అంది.

ఒకసారి వద్దని రాసిస్తే మళ్లీ ఆ కుర్చీ ఎప్పుడు పిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. డ్రైవింగ్ స్కూల్లో చేరతానని ఆమే అడిగింది. ఇంట్లో నేనుండగా డ్రైవింగ్ స్కూలెందుకని నేనే చెడగొట్టాను.

మే నెల పొద్దుటి పూటల్లో మా కాలేజీ గ్రౌండులో పాఠాలు మొదలయ్యాయి. మొదటి రోజు ఆమెను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి ముప్పావు గంట సేపు ఘర్షణ బలం గురించి చెప్పాను. క్లచ్ ప్లేట్లకు బదులు రెండు చపాతీలను చూపించాను. ఆమె అంతా విని "ఇప్పుడు కారు కదిలించొచ్చా?" అంది. అప్పటికి ఎండెక్కింది, ఇంటికి వచ్చేశాం.

గ్రౌండులో పరవాలేదనిపించింది. రోడ్డెక్కాక నా నోరు తెరుచుకుంది. "సెకండు! సెకండెయ్! క్లచ్ తొక్కు మే! అంత బిన్నా వదలద్దు, మెల్లగా! యాడ జూస్తాండావ్? ముందుకు జూడు! అద్దంలో జూడు!" ముందుకూ అద్దంలోకీ ఒకేసారి ఎలా చూడాలో నేను చెప్పలేదు. నేను అరిచిన ప్రతిసారీ ఆమె ఎడమ కాలు క్లచ్ మీది నుంచి ఠక్కున లేచేది. కారు గుర్రుమని ఒక ఊపు ఊగి ఆగిపోయేది. ఆగినందుకు మళ్లీ అరిచేవాణ్ని. కాలేజీలో నాకు సౌమ్యుడని పేరుంది, ఈ సందర్భంలో అది చెప్పుకోవడం నాకే బాగా లేదు.

మూడో వారం నూనెపల్లె బ్రిడ్జి ఎక్కించాను. సగంలో బండ్లు ఆగిపోయాయి. వెనక సిమెంటు లారీ. మా కారు జానెడు వెనక్కి జారింది. "హాఫ్ క్లచ్! హాఫ్ క్లచ్ మే!" అని గొంతు చించుకున్నాను.

"హాఫంటే ఎంతప్పా?" అంది. లెక్కల టీచరు కదా, సగమంటే ఆమెకు ఒక కొలత ఉండాలి.

"కాలికే తెలుస్తాదిలే!" అన్నాను.

ఆమె కాలికి తెలియలేదు. కారు మూడుసార్లు ఆగింది. లారీవాడు హారన్ మీద చెయ్యి తీయలేదు. ఆమె హ్యాండ్‌బ్రేకు లాగి, తలుపు తెరుచుకుని దిగి, నా వైపు తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. "నువ్వే తోలు" అంది. ఇంటికొచ్చాక ఏడవలేదు, అలగలేదు. ప్రమోషన్ వద్దనే కాగితం ఎలా రాయాలో తోటి టీచరును ఫోనులో అడిగి తెలుసుకుంది. నేను పక్కగదిలో కూర్చుని, పాపం ఆమెకు చేతకాలేదని జాలిపడ్డాను.

ఆ కాగితం రాయకుండా ఆపింది నా బామ్మర్ది. ఆళ్లగడ్డలో కరెంటు మోటార్లకు రివైండింగ్ చేసే షాపు అతనిది. అక్క మాట వినగానే బైకు మీద నంద్యాల వచ్చాడు.

"బావా, క్లచ్ ల్యాకుండే కార్లొచ్చినాయి గదా. అదొకటి తీసుకో. నీ క్లచ్‌ను నువ్వే తొక్కుకుంటా ఉండు" అన్నాడు.

"తలుపులున్న స్కూటీ" అనబోయి, ఆవిడ ముఖం చూసి మింగేశాను. పాత కారు నాకు అట్టే పెట్టుకుని, ఆమెకొక చిన్న ఆటోమేటిక్ కారు తీసుకున్నాం. షోరూములో సేల్స్‌మన్ "లోపల గేర్‌బాక్స్ అదే సార్. క్లచ్ తొక్కేదీ గేరు మార్చేదీ మీరు కాదు, కంప్యూటర్" అన్నాడు. ఇరవై ఏళ్ల నా విద్యను అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి చేసేస్తుందట! నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలో అతనికి ఘర్షణ బలం గురించి చెప్పడం మొదలుపెట్టాను. అతను మధ్యలో నాకేదో రెండుసార్లు చెప్పబోయాడు, నేను చెప్పనివ్వలేదు.

కొత్త కారును ఇంటికి తెచ్చింది నేనే. సంజీవనగర్ గేటు దగ్గర రద్దీ చూసి, గేరు తగ్గిద్దామని ఎడమ కాలితో క్లచ్‌ను బలంగా తొక్కాను. అక్కడ క్లచ్ లేదు. దాని చోటు వరకూ పెరిగిన బ్రేకు ఉంది. కారు నడిరోడ్డు మీద మేకు కొట్టినట్టు ఆగిపోయింది, నా ముక్కు స్టీరింగుకు తగిలింది. వెనక ఆటోవాడు అంగుళం దూరంలో ఆపి, దిగి వచ్చాడు.

"ఏందప్పా, కొత్తగా నేర్చుకుంటాండావా? ఎల్ బోర్డన్నా పెట్టుకోకూడదా?"

వెనకసీటులో మా ఆవిడ కిటికీలోంచి అటు వైపు చూస్తూ కూర్చుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

మా సంఘంలో ఎవరు కొత్త బండి కొన్నా ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో నిలబెట్టి పాస్టరు అయ్యగారితో ప్రార్థన చేయిస్తాం. ఆయన బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. సంఘమంతా చుట్టూ కళ్లు మూసుకుని నిలబడుతుంది. ఆమెన్ అనగానే బండి కదలాలి, చర్చి చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి, తర్వాత లడ్లు పంచాలి. కారు ఆమెదే అయినా, ఇంతమందిలో ఆమె ఆపేస్తే పరువు పోతుందని స్టీరింగ్ ముందు నేనే కూర్చున్నాను. ఆమె పక్కన కూర్చుంది. ఆమెన్ అన్న క్షణంలోనే కారు ఠీవిగా కదలాలన్నది నా పట్టుదల. అందుకని ముందుగానే ఇంజను ఆన్ చేసి, లీవరును ముందుకు నడిపే 'డి'లో పెట్టి, బ్రేకు మీద కాలుంచి సిద్ధంగా ఉన్నాను.

అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు కదా, ఆ మాట వినగానే కళ్లు మూసుకున్నాను, చేతులు జోడించాను. భక్తి కొద్దీ చెప్పులు విడిచి, రెండు పాదాలూ వెనక్కి లాక్కుని దగ్గరగా పెట్టుకున్నాను. పాత కారు ప్రార్థనకూ ఇలాగే కూర్చున్నాను. అది నేను క్లచ్ తొక్కి గేరు వేస్తే గాని కదిలే రకం కాదు. ఈ కారుకు బ్రేకు మీద కాలు తీస్తే చాలు, తనంతట తానే మెల్లగా పాకుతుంది. షోరూములో సేల్స్‌మన్ రెండుసార్లు చెప్పబోయింది ఇదే.

"ప్రభువా, ఈ వాహనమునకు ముందుగా నీవే నడువుము" అంటుండగా అయ్యగారి గొంతు ఎందుకో వణికింది. ఈ రోజు ప్రార్థనలో బలం ఎక్కువగా ఉందనుకున్నాను. ఆయన అప్పటికే వెనక్కి నడుస్తున్నారు. "నిలుపుము ప్రభువా... నిలుపుము... నిలుపుము తండ్రీ!" అని ఆయన గొంతు హెచ్చించారు. సంఘమంతా ఏకకంఠంతో "ఆమెన్!" అంది. అందరికంటే గట్టిగా అన్నది నేనే.

టప్పున ఏదో పగిలింది. అదే సమయంలో మా ఆవిడ హ్యాండ్‌బ్రేకు లాగింది. కళ్లు తెరిచేసరికి అయ్యగారు చర్చి మెట్ల దగ్గర క్రోటన్ కుండీల మధ్య నిలబడి రొప్పుతున్నారు. కుండీ ఒకటి ముక్కలైంది. ఆయన తెల్లని అంగీకి మట్టి అంటింది తప్ప ఇంకేమీ కాలేదు.

"నువ్వు కండ్లు మూసుకోలేదా?" అని ఆవిడను అడిగాను. అంతకంటే మంచి మాట ఆ క్షణంలో నాకు దొరకలేదు.

"స్టీరింగ్ కాడ నువ్వుంటే నేను యానాడూ మూసుకోలేదప్పా. దిగు."

దిగాను. ఆమె ఇటు జరిగి కూర్చుని, పెడల్స్ కింద పడి ఉన్న నా చెప్పులను రెండు వేళ్లతో తీసి కిటికీలోంచి చేతికిచ్చింది. నేను తలెత్తకుండా కుండీ పెంకులు ఏరుతూ ఉండగా చర్చి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. అక్కడితో ఆగకుండా గేటు దాటి రోడ్డెక్కింది. పావుగంటకు తిరిగొచ్చి, కారును ఉన్న చోటనే గీత గీసినట్టు నిలిపింది. అయ్యగారే ముందుగా చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం "చేరతా" అంది.

చేరింది. రోజూ ఏడున్నరకు బయలుదేరి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాటి, తొమ్మిదికి ముందే బడిలో ఉండేది. నేను ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. ఎడమ కాలు, ఎడమ చెయ్యి, కుడి కాలు ఒక్కసారిగా పనిచేయడం అందరికీ కుదరదనీ, మా ఆవిడ దారికి అడ్డుగా ఉన్నది గేర్లేననీ, అవి తీసేసరికి దారి తెరుచుకుందనీ స్టాఫ్‌రూములో చెప్పాను. ఆటోమేటిక్ కార్ల గొప్పతనాన్ని మొదట గుర్తించింది నేనేనన్నట్టు మాట్లాడాను. తలుపులున్న స్కూటీ సంగతి ఎవరో గుర్తు చేస్తే, నాకు క్లాసుందని లేచిపోయాను.

ఒక ఆదివారం ఆ కారును నేను తోలాను. ట్రాక్టరును దాటుదామని యాక్సిలరేటర్ తొక్కితే, కారు ఒక క్షణం ఆలోచించి, తల ఊపి, అప్పుడు గేరు మార్చింది. దీనికి ఇదొక జబ్బని విసుక్కున్నాను.

"జబ్బు గాదప్పా. అది గేరు మార్చే ముందర కాలు రవ్వంత వదులు. మెత్తగా మార్చుకుంటాది" అంది ఆమె.

"అదంతా నీ భ్రమ. కంప్యూటర్‌కు నీ కాలేం తెలుస్తాది?" అని కొట్టిపారేశాను. గేరు ఎప్పుడు మారబోతోందో ఆమె కాలికి ముందే తెలుస్తోందన్న సంగతి నా ఫిజిక్సు బుర్రకు తట్టలేదు.

వానలు తగ్గాక కొత్త కారును సర్వీసుకు ఇవ్వాల్సి వచ్చింది. ఆ రోజు సెలవు పెట్టి పొద్దున్నే నేనే తీసుకెళ్లాను. ఆమె ఏడుగంటల బస్సుకు ఆళ్లగడ్డ పోతుందనీ, అక్కడి నుంచి తమ్ముడు బైకు మీద దింపుతాడనీ ముందు రోజే అనుకున్నాం. కారప్పగించి ఎనిమిదిన్నరకు ఆటోలో ఇంటికొస్తే, వాకిట్లో నా పాత కారు లేదు.

దొంగలెత్తుకుపోయారనుకున్నాను. ఇంకో ఆలోచన రానేలేదు, ఒట్టు. వెంటనే బామ్మర్దికి ఫోన్ చేశాను.

"ఒరే, నా కారు పోయిందిరా!"

"పోతాంది బావా. ఇప్పుడే మా షాపు ముందర పోయింది. అక్క హారన్ గూడా కొట్టింది. బస్సు తప్పిందంట. తర్వాతదెక్కితే తొమ్మిదికి అందదంట."

"ఏ కార్లో?"

"నీ గేర్ల కార్లోనే."

నేను ఇంటి తాళం వేశానో లేదో గుర్తు లేదు. బస్సులో ఆళ్లగడ్డ చేరేదాకా రోడ్డు పక్కన ప్రతి గుంతలోనూ నా కారు కోసం వెతికాను. కారు కోసమని ఇప్పుడు రాస్తున్నాను గాని, ఆమె కోసమే. ఆమెకేమైనా అయితే ఎలాగని దారంతా ప్రార్థన చేసుకున్నాను, కళ్లు మూసుకోకుండా. బామ్మర్ది బైకు మీద బడి దగ్గర దింపి, షాపులో పనుందని వెళ్లిపోయాడు. లోపల గోడ పక్కన నీడలో నా కారు ఉంది. ముక్కు గేటు వైపుకు పెట్టి, వెనక్కి తీసి, తిన్నగా నిలిపి ఉంది. ఆ ఇరుకులో అంత తిన్నగా నేను పెట్టలేను.

హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఆమె రిజిస్టర్లు చూస్తోంది. తలెత్తి "ఏందప్పా, ఈడికొచ్చినావ్?" అంది.

"గేర్ల కారు ఎట్ల తోలినావ్? యాడా ఆగలేదా?"

"ఆగలే. శిరివెళ్ల కాడ రోడ్డు నిండా గొర్లు అడ్డమొచ్చినాయి. అప్పుడు గూడా ఆగిపోలే."

"నాతో తోలినప్పుడు అడుగుకొకసారి ఆగుతాండె గదా!"

"ఆగుతాండె" అని మాత్రం అని, మళ్లీ రిజిస్టర్ మీదికి వంగింది.

బడి వదిలేదాకా వరండాలో కూర్చున్నాను. సాయంత్రం ఇద్దరం కారెక్కాం. ఆమె స్టీరింగ్ ముందు, నేను పక్కసీట్లో. గేటు దగ్గర పిల్లలు దారి వదిలి రెండు వైపులా వరసగా నిలబడ్డారు. టీచర్లు కూడా ఉన్నారు. ఒట్టేసి చెబుతున్నాను, నేను ఒక్క మాట మాట్లాడలేదు. "మెల్లగా వదులు" అనడానికి ఊపిరి మాత్రం తీసుకున్నాను. ఆ ఊపిరి చప్పుడు ఆమె విన్నది. క్లచ్ మీద ఆమె ఎడమ కాలు వణకడం నా కళ్లారా చూశాను. కారు గుర్రుమని ఊగి ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేసింది. నా చెయ్యి దానంతటదే గేరు రాడ్డు వైపు పోయింది. మళ్లీ ఆగింది. పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఒక సారు ముందుకొచ్చి "మేడం, తోసేదా?" అన్నాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. పొద్దున నలభై కిలోమీటర్లకు పైగా, లారీల మధ్య, గొర్రెల మధ్య ఒక్కసారి కూడా తడబడని మనిషి, తన బడి గేటు ముందు, తన పిల్లల ముందు, బండి కదిలించలేక తల దించుకుంది. పొద్దుటికీ ఇప్పటికీ కారు మారలేదు, క్లచ్ మారలేదు, కాలు మారలేదు. కొత్తగా వచ్చి కూర్చున్నది నేనొక్కణ్నే.

నాకు సిగ్గేసింది. ఇన్ని నెలలు ఊరంతా చెప్పుకు తిరిగిన సిద్ధాంతం ఆ గేటు దగ్గరే కూలిపోయింది. కొద్దిలో తప్పింది గాని, ఆ ప్రమోషన్ కాగితం మీద వద్దని రాయించబోయింది గేర్లు కాదు, నేను. మరో రెండు రోజులు గడిచి ఉంటే ఆ పిల్లలకు ఈ హెడ్‌మిస్ట్రెస్ ఉండేది కాదు.

తలుపు తెరిచి దిగాను. "నువ్వు పో. నేను ఆటోలో వస్తా" అన్నాను.

వద్దంటుందని, ఎక్కమంటుందని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆమె చెయ్యి చాచి నా వైపు తలుపు లాగి వేసుకుంది. కారు చిన్న కుదుపు కూడా లేకుండా కదిలింది. పిల్లలు చేతులూపారు, ఆమె నవ్వుతూ హారన్ కొట్టింది. ఎలాగూ అలవాటు పోదు కదా, రెండో గేరు ఎప్పుడు వేస్తుందా అని చెవులు రిక్కించాను. ఎప్పుడు వేసిందో గాని, ఆ చప్పుడు నాకు వినపడలేదు. అప్పటికే కారు మలుపు దాటి తారురోడ్డెక్కింది.